రంగుసూది తర్వాత

నాకు ముక్కు మీద కోపం. ఎవరో చెప్పాల్సిన పనిలేదు, నేనే చెబుతున్నాను. నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో వార్డులో ఇద్దరు డాక్టర్లతో, ముగ్గురు ఆయాలతో, లెక్కలేనంతమంది రోగుల బంధువులతో గొడవపడ్డాక మా హెడ్ సిస్టర్ విసిగిపోయి నన్ను ఎక్స్‌రే విభాగానికి మార్చేసింది. "అక్కడ మిషన్లుంటయి. వాటితోని ఎంతసేపన్న కొట్లాడుకో పో" అంది. డెబ్భైల చివరి మాట ఇది. వరంగల్‌లో నేను పనిచేసే దవాఖానకు అటు పరకాల నుంచి, ఇటు ములుగు అడవి పల్లెల నుంచి జనం తెల్లారకముందే బస్సెక్కి వచ్చేవారు. వచ్చినవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట ఫోటో తీయాల్సిందే. కాబట్టి మిషన్ల కంటే మనుషులే ఎక్కువుండేవారు అక్కడ కూడా. హెడ్ సిస్టర్ ఆ సంగతి మరిచిపోయినట్టుంది.

ఎక్స్‌రే అంటే ఎముకల ఫోటో అని అందరికీ తెలుసు. మూత్రపిండాలు అలా కనబడవు. వాటి ఫోటో కావాలంటే చేతి నరంలోకి ఒక మందు ఎక్కించాలి. అది రక్తంలో కలిసి, కిడ్నీల్లోకి చేరి, మూత్రంతో పాటు కిందికి దిగుతూ ఫిల్ము మీద తెల్లటి గీతలా పడుతుంది. పుస్తకాల్లో దాని పేరు ఏదైనా మా దగ్గర మాత్రం అది రంగు మందు, ఆ సూది రంగుసూది. చిత్రమేమిటంటే దానికి రంగే లేదు. నీళ్లలాగే ఉంటుంది, కాస్త చిక్కగా. "రంగేది సిస్టరమ్మా?" అని రోగులు సిరంజి వంక అనుమానంగా చూసేవారు. "లోపలికి పోయినాక వస్తది" అని కసిరేదాన్ని.

లోపలికి పోయాక మొదట వచ్చేది రంగు కాదు, వేడి. ముఖం, మెడ, పొట్ట, అరికాళ్ల దాకా ఒక్కసారిగా వెచ్చబడిపోతుంది. నోట్లో ఇనుము నాకినట్టుంటుందని చెప్పేవారు. ఆ వేడికి కారణం ఒంట్లోని రక్తనాళాలు వదులు కావడం. నాళాలు వదులైతే ప్రెషర్ పడిపోతుంది. దాన్ని సర్దడానికి గుండె గబగబా కొట్టుకుంటుంది. ఈలోగా ఆ చిక్కటి మందు చుట్టుపక్కల నుంచి నీళ్లను రక్తంలోకి లాక్కుంటుంది, ప్రెషర్ మెల్లగా మళ్లీ పైకి వస్తుంది. పడుచువాళ్లకు ఈ తతంగమంతా రెండు నిమిషాల్లో తెలియకుండా జరిగిపోయేది. పెద్దవాళ్లకు, అందులోనూ ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లకు అలా కాదు. వాళ్ల ప్రెషర్ ఎంత ఎత్తున ఉంటే అంత కిందికి జారేది, తిరిగి రావడానికి తీరిగ్గా టైము తీసుకునేది.

ఇదంతా నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. చెవులతో నేర్చుకున్నాను. దానికి కారణం ఒక కుర్ర డాక్టరు. హసన్‌పర్తి నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవారు, పై చదువు చదువుతున్నారు. వయసు మళ్లిన బీపీ రోగుల్లో రంగుసూది తర్వాత నాడి ఎలా మారుతుంది, ప్రెషర్ ఎలా మారుతుంది అన్నది ఆయన థీసిస్. సూది ఆయన వేసేవారు. బీపీ చూడడం నా పని. ఒకటో నిమిషం, రెండో నిమిషం, మూడు, ఐదు, పది, ఇరవై. నేను అంకె చెప్పగానే ఆయన పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేవారు.

"మీ చదువుకు నా చేతులు నొయ్యాల్నా సార్?" అని మొదటి వారమే అడిగేశాను.

"డిగ్రీ వచ్చినాక సగం మీకే ఇస్త సిస్టర్" అన్నారాయన. కోపం తెచ్చుకోవడం తెలియని మనిషి. అలాంటివాళ్లతో గొడవపడడం చాలా కష్టం.

కొన్నాళ్లకు ఆ పని నాకు నచ్చడం మొదలైంది. బీపీ ఉన్న ముసలి చేతిలో చప్పుడు తలుపు బాదినట్టు గట్టిగా వినిపించేది. సూది పడ్డాక అదే చప్పుడు పక్కింటి తలుపు కొట్టినట్టు దూరమయ్యేది. ఐదో నిమిషానికో పదో నిమిషానికో మళ్లీ దగ్గరికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది. పైకి మాత్రం "లే అమ్మా, అయిపోయింది, ఇంకెంతసేపు పంటవ్" అనేదాన్ని.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ వచ్చింది. నేను ఆమెను పెద్దమ్మ అనే తలుచుకుంటాను. హనుమకొండ బజారులో ఇత్తడి, స్టీలు గిన్నెల దుకాణం వాళ్లది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా, నుదుట పావలా అంత బొట్టుతో ఉండేది. ఏడాదిగా ఎడమ డొక్కలో నొప్పి, వారం వారం చలిజ్వరం. ఎడమ కిడ్నీలో రాయి ఉందని మామూలు ఎక్స్‌రేలోనే తెలిసిపోయింది. ఆ కిడ్నీ పాడయిపోయి ఉంటుందని, దాన్ని తీసేస్తే తప్ప జ్వరం పోదని పెద్ద సర్జన్ గారు అనుకున్నారు. అయితే ఒక మెలిక ఉంది. ఎడమది తీసేయాలంటే కుడిది బాగా పనిచేస్తూ ఉండాలి. అది పనిచేస్తోందో లేదో రంగుసూది ఫోటోలోనే తెలుస్తుంది. కుడిది బాగుంటే ఆపరేషను, మనిషి బతుకుతుంది. బాగోలేకపోతే ఎవరూ కత్తి పట్టరు. ఇంటికి తీసుకెళ్లి నొప్పికీ జ్వరానికీ మందులిచ్చుకుంటూ ఉండమంటారు, ఉన్నన్నాళ్లు.

పరీక్షకు ముందు మేము అందరికీ చెప్పే మాటలు కొన్ని ఉండేవి. రాత్రి ఆముదం తాగి పడుకోవాలి. పొద్దున ఏమీ తినకుండా రావాలి. నీళ్లు కూడా తగ్గిస్తే మందు ఫిల్ము మీద చిక్కగా పడుతుందని అప్పట్లో మా నమ్మకం, కాబట్టి అదీ చెప్పేవాళ్లం. నేను ఆ మాటలు రోజుకు పదిసార్లు, ఎవరి ముఖమూ చూడకుండా అప్పజెప్పేదాన్ని.

మొదటిసారి పెద్దమ్మ వచ్చినరోజు బీపీ చూస్తే రెండు వందల మీద ఉంది.

"పొద్దున బీపీ గోలీ మింగినవా అమ్మా?"

"నువ్వే గద బిడ్డా ఏం తినొద్దంటివి."

నలభై ఏళ్లుగా శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్న మనిషి. ఆమె దృష్టిలో గొంతు దిగేది ఏదైనా తిండే. అన్నమైనా, గోలీ అయినా ఒక్కపొద్దు చెడుతుంది. మా పరీక్షను కూడా ఆమె అలాంటి ఒక నిష్ఠగానే పెట్టుకుంది. అంత బీపీ మీద సూది వేయడం కుదరదని చెప్పి పంపించేశాం. గోలీ మాత్రం తప్పకుండా మింగాలని ఆమె కొడుక్కి డాక్టరు గారు విడమరిచి చెప్పారు. కొడుకు ఇంటికెళ్లి తల్లికి చెప్పాడు. తల్లి సరేనంది. మళ్లీ ఆముదం తాగింది, మళ్లీ తెల్లవారి గోలీ మింగకుండానే వచ్చింది. నూట తొంభై.

ఈసారి వెంట కోడలు వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది, మాట పెగలని మనిషి. వరండాలో ఇరవైమంది బల్లల మీద కూర్చుని ఉన్నారు. నాకు ఒళ్లు మండింది.

"మీకు దవాఖాన అంటే ఆటలెక్కున్నదా? ఇంకోపాలి గోలీలు ఎగ్గొట్టి వచ్చిండ్రనుకో, గేటు కాన్నుంచే వాపస్ పంపుత. ఆపరేషనూ లేదు, ఏం లేదు. ఆ కిడ్నీ లోపల్నే కుళ్లిపోతది, మంచిగుంటదా? అత్తకు గోలీ మింగిచ్చుడు గూడ చాతగాకపోతే నువ్వెందుకొచ్చినవమ్మా వెంట?"

కోడలు ముఖం వాడిపోయింది. పెద్దమ్మ కొంగు సర్దుకుని మెల్లగా మెట్లు దిగింది. లోపలికొచ్చాక డాక్టరు గారు, "సిస్టర్, జర మెల్లగ" అన్నారు.

"మెల్లగ చెప్తే ఇంటలేరు గద సార్" అన్నాను.

వారం తర్వాత అత్తాకోడళ్లు మూడోసారి వచ్చారు. పట్టీ కట్టి గాలి కొట్టాను. నూట ముప్ఫై, ఎనభై. నమ్మలేక ఇంకోసారి చూశాను. అంతే ఉంది. నా సంబరం చెప్పనలవి కాదు.

"చూసిన్రా సార్, నా తిట్లకు బీపీ సుత బుగులుపడ్డది!"

డాక్టరు గారు కూడా నవ్వారు. ఆ సంబరంలో నేను చూసి కూడా వదిలేసినవి కొన్ని ఉన్నాయి. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బల్ల ఎక్కేటప్పుడు కాలు తడబడితే నేనే రెక్క పట్టుకుని ఎక్కించాను. ఆముదం నీరసం అనుకున్నాను. "గోలీ మింగినవా?" అని కూడా అడగలేదు. అంకె అంత బాగుంటే ఇక అడిగేదేముంది?

సూది ఎక్కింది. "అయ్యో, పొయ్యి ముంగట కూసున్నట్టున్నదే" అంది పెద్దమ్మ. "గట్లనే ఉంటది, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఒకటో నిమిషం, నూట పది. ఇది మామూలే. రెండో నిమిషం, తొంభై. డాక్టరు గారు రాసుకుంటూ తలెత్తి చూశారు. మూడో నిమిషంలో చప్పుడు ఎక్కడో చాలా దూరం నుంచి డెబ్భై దగ్గర వినిపించింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది, బొట్టు కరిగి కనుబొమ మీదికి జారింది.

"చీకట్లు కమ్ముతానయి బిడ్డా" అంది. ఐదో నిమిషంలో నాకు ఏ చప్పుడూ వినపడలేదు.

ఒక్క క్షణం నాకు చేతులూ కాళ్లూ ఆడలేదు. తర్వాత అన్నీ ఒకేసారి ఆడాయి. గదిలో ఉన్న దిండ్లన్నీ ఆమె కాళ్ల కింద పెట్టాను. డాక్టరు గారు సెలైన్ సీసా తగిలించి ధార కట్టినట్టు వదిలారు. రెండో చేతికి ఇంకో సీసా పెట్టాం. ఒంటి మీద దద్దుర్లేమీ లేవు, ఊపిరి బాగానే ఆడుతోంది, మందు పడక వచ్చిన తిప్పల కాదిది. ప్రెషర్ ఒక్కటే, అడుగు లేనట్టు పడిపోయింది. ఇంత జరుగుతున్నా ఎక్స్‌రే టెక్నీషియన్ తన ధోరణిలో తాను ఐదో నిమిషం ఫిల్మూ, పదిహేనో నిమిషం ఫిల్మూ తీసి పెట్టుకున్నాడు. టైమంటే టైమే ఆయనకు. అప్పుడు తిట్టుకున్నాను కానీ, ఆయన తీయకపోయి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఇరవయ్యో నిమిషానికి తొంభై వినిపించింది. పెద్దమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది.

కబురందుకుని సర్జన్ గారు వచ్చారు. టెక్నీషియన్ చీకటిగదిలోంచి తడి ఫిల్ములు తెచ్చి లైటు ముందు పెట్టాడు. రెండు కిడ్నీలూ నానబెట్టిన చిక్కుడు గింజల్లా తెల్లగా ఉబ్బి కనిపిస్తున్నాయి. కానీ వాటి కింద ఏమీ లేదు. కిందికి దిగాల్సిన తెల్లటి గీత ఎడమవైపూ లేదు, కుడివైపూ లేదు. మందు లోపలికి వెళ్లింది, బయటికి రాలేదు.

"ఎడమది సరే, అనుకున్నదే. కుడిది సుత గట్లనే ఉన్నది చూడు. ఒక్క చుక్క దిగలే" అన్నారు సర్జన్ గారు. ఆయన కఠినుడేమీ కాదు. గొంతులో నిజంగానే బాధ ఉంది. "పాపం ముసలామె. దీని మీద నేను కత్తి పెట్టలేను" అని కేస్ షీటు అడిగి తీసుకుని పెన్ను మూత తీశారు.

డాక్టరు గారు తన నోటుబుక్కు తిరగేస్తున్నారు. "ఇంతగనం ఎవ్వలకు పడలే సార్. ఎందుకు పడ్డదో సమజైతలేదు" అంటున్నారు.

నేను బయటికొచ్చాను. వరండాలో కోడలు స్టీలు క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"అయిపోయిందా సిస్టరమ్మా? అత్తమ్మకు అన్నం పెట్టచ్చునా?"

"అక్కా, పొద్దున గోలీ ఇచ్చినవా?"

"ఇచ్చిన" అంది గబగబా, మళ్లీ తిడతానేమో అన్నట్టు. "మీరు చెప్పినట్టే. తప్పినయి సుత కలిపి ఇచ్చిన. ఎనుకటి రెండు పాలీలయి రెండు, ఇయ్యాలటిది ఒకటి. మూడు మింగింది."

"తప్పినయి కలిపిచ్చుడేందక్కా?"

"శనివారం ఒక్కపొద్దు తప్పితే అత్తమ్మ ముంగటి వారం దాన్ని సుత కలిపి ఉంటది. గోలీలు సుత గట్లనే తీర్చాలె అన్నది. నిన్న పొద్దుగూకినప్పటి సంది గుటక నీళ్లు ముట్టలే. గోలీలతోనే ఒక్క గుటక తాగింది." గొంతు తగ్గించింది. "మీరు గేటు కాన్నుంచే పంపుతరని బుగులు సిస్టరమ్మా. వారం సంది గదే మాట."

ఒంట్లో నీళ్లు లేవు. దాని మీద మూడు బీపీ గోలీలు. దాని మీద రంగుసూది. ఉదయం నేను చూసి మురిసిపోయిన నూట ముప్ఫై ఆ గోలీలు అప్పటికే కిందికి లాగుతూ ఉండగా మధ్యలో దొరికిన అంకె. నేను తిట్టకపోతే ఆమె అన్ని గోలీలు మింగేది కాదు. తిట్టినా, సూదికి ముందు ఒక్కమాట అడిగి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు. నాకు అప్పుడు వచ్చినంత సిగ్గు జీవితంలో మళ్లీ ఎప్పుడూ రాలేదు.

"తప్పయిందా?" అంది కోడలు.

"నీ తప్పు కాదక్కా. కూసో" అన్నాను.

లోపలికి వెళ్లే ఆ నాలుగడుగుల్లో ఒక పిరికి ఆలోచన కూడా వచ్చింది, దాచను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కోడలు నాతో తప్ప ఎవరితోనూ చెప్పలేదు. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఊరంతా నా నోటికి భయపడతారు కానీ ఆ నోరు తెరవడానికి నేనే భయపడ్డ రోజు అదొక్కటే. సర్జన్ గారు అప్పటికే రెండు వరుసలు రాశారు.

"సార్, రాయకుండ్రి" అన్నాను.

గదిలో అందరూ నావైపు తిరిగారు. స్టాఫ్ నర్సు పెద్ద సర్జన్‌కు చెప్పే మాట కాదది.

"పెద్దమ్మ పొద్దున మూడు గోలీలు మింగింది సార్. నిన్నటి సంది నీళ్లు ముట్టలే. పోయిన వారం నేను అందరి ముంగట తిట్టిన. ఆ బుగులుకు మింగింది. నేను ఇయ్యాల అడగలే. తప్పు నాది."

సర్జన్ గారు రాయడం ఆపారు. డాక్టరు గారి ముఖం మారిపోయింది. నోటుబుక్కు మూసేసి ఫిల్ముల దగ్గరికి పరుగెత్తారు.

"సార్, గట్లయితే కుడిది చెడిపోయినట్టు కాకపోవచ్చు! ప్రెషర్ లేకుంటే కిడ్నీ వడపోయదు గద. మందు లోపలికొచ్చి ఆడికే ఆగింది. నల్లాల ప్రెషర్ లేకపోతే బిందె నిండుతదా? ప్రెషర్ ఎక్కనిద్దాం. ఎక్కినంక ఇంకొక్క ఫిల్ము తీద్దాం సార్."

"ఎంతసేపు?"

"ఒక్క గంట."

సర్జన్ గారు పెన్నుకు మూత పెట్టారు. రాసిన రెండు వరుసలూ కొట్టేయలేదు. "గంట చూస్త" అన్నారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "నీతోని తర్వాత మాట్లాడుత" అన్నారు.

ఆ గంట నేను బల్ల పక్కన స్టూలు మీద నుంచి లేవలేదు. ఐదు నిమిషాలకోసారి గాలి కొట్టాను. తొంభై నాలుగు, తొంభై ఆరు. మళ్లీ తొంభై నాలుగు. ఒక సీసా అయిపోతే ఇంకొకటి పెట్టాం. నూరు దాటడానికి అరగంట పట్టింది. పెద్దమ్మకు తెలివి బాగానే ఉంది. పైకప్పు చూస్తూ పడుకుంది.

"అమ్మా, నేను గంతగనం తిట్టకుంటే ఇట్ల కాకపోవు. నాదే తప్పు" అన్నాను.

ఆమె నావైపు తల తిప్పింది. "తిడితే తిట్టినవు తియ్. నాకు ఆపరేషను కావాలె బిడ్డా. అందుకే మింగిన. ఈ నొప్పితోని ఎడమ పక్కకు ఒరిగి పండక ఏడాదాయె. వాపస్ పంపుతరేమో అన్నదే నా రంది." నన్నే చూస్తూ అడిగింది. "ఫోటో మంచిగ రాలేదా?"

"ఇంకొకటి తీస్తరు" అన్నాను. అంతకంటే చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

నూట ఎనిమిది. నూట పద్నాలుగు. అప్పుడు పెద్దమ్మలో ఏదో మార్పు వచ్చింది. కాలి మీద కాలు వేసుకుంటోంది, తీస్తోంది. పెదవి కొరుక్కుంటోంది. పిడికిలి బిగించింది.

"నొప్పి లేస్తాందా అమ్మా?"

"లే."

"గుండెల ఏమన్న అయితాందా? దమ్ము ఆడుతలేదా?"

"ఏం లేదు బిడ్డా, ఊకో."

గాలి కొట్టి చూశాను. నూట ఇరవై నాలుగు. చప్పుడు గట్టిగా ఉంది. మరి ఈ మెలికలేమిటి? డాక్టరు గారు లేచి వచ్చి నాడి పట్టుకున్నారు. టెక్నీషియన్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. పెద్దమ్మ వాళ్లిద్దరినీ చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది. తర్వాత వేలి కొసలతో నా ఏప్రాన్ అంచు పట్టుకుని కిందికి లాగింది. నేను చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"ఒంటికొస్తాంది బిడ్డా. మొగోళ్ల ముంగట ఎట్ల చెప్పాలె? అప్పటి సంది బిగవట్టుకొని సస్తాన."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మూత్రం వస్తోందంటే కిడ్నీ వడపోస్తోందని తట్టగానే స్టూలు తన్నేసి లేచాను. గదిలోనే కాదు, వరండా చివరిదాకా వినపడేలా అరిచాను.

"సార్! పెద్దమ్మకు ఒంటికొస్తాందట సార్!"

పెద్దమ్మ కొంగు లాక్కుని ముఖం మీద కప్పుకుంది. డాక్టరు గారు టెక్నీషియన్ భుజం మీద ఒక్కటి చరిచారు. ఆయన అప్పటికే ప్లేటు బల్ల కిందికి తోస్తున్నాడు.

"అమ్మా, జర రెండు నిమిషాలు ఆపుకోవాలె. ఫోటో తీసినంక పోదువు" అన్నారు డాక్టరు గారు.

"గంట సంది గదే చేస్తాన గద నాయినా" అంది కొంగు కింద నుంచి.

ఫోటో తీశారు. మగవాళ్లిద్దరినీ బయటికి తరిమి తలుపు గడియ వేశాను. ఆయాను పిలవలేదు, బెడ్‌పాన్ నేనే తెచ్చాను. ఆమె నడుము కింద చేయి పెట్టి లేపాను. ఆమె మొహమాటానికి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆగి ఆగి మొదలై, తర్వాత ధారగా వచ్చింది, ఎంతకూ ఆగలేదు. నేను గోడకు నుదురు ఆనించి ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదని మా ఆయనతో తర్వాత చెబితే ఆయన రెండ్రోజులు మాట్లాడలేదు.

ఫిల్ము తడిగా ఉండగానే సర్జన్ గారు వచ్చి చూశారు. కుడి కిడ్నీ నుంచి సన్నటి తెల్లటి గీత, ఎక్కడా తెగకుండా, నడుము ఎముక మీదుగా వంపు తిరిగి కిందికి దిగింది. అడుగున మూత్రాశయం నిండుగా తెల్లగా ఉంది. ఎడమవైపు రాయి దగ్గరే అంతా ఆగిపోయి ఉంది, అది అనుకున్నదే. ఆయన కేస్ షీటు తీసుకుని ముందు రాసిన రెండు వరుసలనూ అడ్డంగా కొట్టేశారు. "కుడిది మంచిగున్నది. ఆపరేషన్ చేద్దాం" అన్నారు. పదిహేను రోజుల తర్వాత చేశారు కూడా, పెద్దమ్మ లేచి తిరిగింది.

నాతో తర్వాత మాట్లాడతానన్న మనిషి మాట్లాడనే మాట్లాడారు. బీపీ రోగులకు పరీక్ష ముందు చెప్పే మాటలన్నీ ఆ రోజు నుంచి నేనొక్కదాన్నే చెప్పాలని, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోవాలని హుకుం. అది శిక్షో, నమ్మకమో నాకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా ఆ పని చేశాను. గోలీల పొట్లం చూపించనిదే బల్ల ఎక్కనిచ్చేదాన్ని కాదు. ముసలివాళ్లకు నీళ్లు మానుకోమని చెప్పడం నేనూ, కుర్ర డాక్టరు గారూ ఆ నెలలోనే మానేశాం. పెద్దమ్మ అంకెలను డాక్టరు గారు థీసిస్‌లో కలపలేదు. గోలీల లెక్క వేరయిపోయింది కాబట్టి కలపకూడదట. నోటుబుక్కు చివరి పేజీలో విడిగా రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నం సెలైన్ తీసేసి, పెద్దమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, ఆమె జారిన బొట్టు తుడిచాను. కుడిది మంచిగున్నదట, ఆపరేషన్ చేస్తరట అని చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. కోడలు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తూ నవ్వుతోంది. పెద్దమ్మ కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది.

"గట్ల ఒర్రుతరా బిడ్డా? ఆడిదాని ముచ్చట. వరండల కూసున్నోళ్లందరు ఇన్నరు."

"అందరు ఇనాలెననే ఒర్రిన అమ్మా" అన్నాను.